పద్నాలుగో గడి

ఆ ఫారంలో ఇరవై రెండు గడులు. పేరు, వయసు, ఊరు, వెళ్ళిన దేశం, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంది, ఇంటికి చివరిసారి ఎప్పుడు ఫోన్ చేసింది, ఒంట్లో ఎలా ఉంది, ఇలా సాగుతుంది. పద్నాలుగో గడి మతం. ఏళ్ళ తరబడి నింపిన ఫారం కాబట్టి నిద్రలో లేపి అడిగినా ఆ వరస తప్పకుండా చెప్పగలను. అంత బాగా తెలిసిన ఫారంలోనే తప్పు చేశాను. తెలియక చేసిన తప్పయితే నా మీద నాకు ఇంత విసుగు ఉండేది కాదు.

నేను అమలాపురంలో ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. రిటైరైన ఏడాదే, విదేశాల్లో ఉన్న ఒక మానవ హక్కుల కమిటీకి మా ప్రాంతంలో ఒక మనిషి కావాలన్నారని తెలిసినవాళ్ళు చెబితే ఒప్పుకున్నాను. జీతమేమీ లేదు. కాలక్షేపమవుతుందనుకున్నాను. మా కోనసీమ నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళి అక్కడ ఇరుక్కుపోయిన ఆడవాళ్ళ సంగతులు కనుక్కుని, ఫారం నింపి, కింద సంతకం పెట్టి పంపడం నా పని. ఆ సంతకం పైన ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది: ‘పైన రాసిన ప్రతి విషయమూ కుటుంబ సభ్యులతో స్వయంగా మాట్లాడి నిర్ధారించుకున్నాను.’ ఆ వాక్యం కింద సంతకం పెట్టినప్పుడల్లా మొదట్లో వెన్ను నిటారుగా అయ్యేది.

మానవ హక్కుల కమిటీ అనగానే జనం ఏవేవో ఊహించుకుంటారు. నేనూ ఊహించుకున్నాను. పెద్దపెద్దవాళ్ళు గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని ఎవరినో నిలదీస్తారని. తీరా దిగాక తెలిసింది, అది ఉత్తరాల పని. నేను పంపిన ఫారం అక్కడ ఇంకొకరు సరిచూస్తారు. ఎంబసీతోనో, జైలుకు వెళ్ళివచ్చే లాయరుతోనో మాట్లాడి రెండోవైపు నుంచి రూఢి చేసుకుంటారు. తరవాత దాన్ని ఒక్క పేజీకి కుదించి, పైన ఫోటో వేసి, ఏయే దేశాల్లోనో ఉన్న తమ సభ్యులకి పంపుతారు. ఆ సభ్యులు మనలాంటివాళ్ళే. రిటైరైన టీచర్లు, నర్సులు, చర్చిల్లో పాటలు పాడేవాళ్ళు. వాళ్ళు తమ వంటింటి బల్లల మీద కూర్చుని ఆ దేశపు మంత్రికి, జైలు అధికారికి, మన ఎంబసీకి ఉత్తరాలు రాస్తారు. రోజూ కట్టలు కట్టలుగా వస్తూంటే ఆ అధికారికి ఎప్పటికో తలనొప్పి మొదలవుతుంది. ఇంతమందికి తెలిసిపోయిందే అన్న ఇబ్బంది పుడుతుంది. తలుపు తెరుచుకుంటే ఆ ఇబ్బంది వల్లే తెరుచుకోవాలి. కమిటీకి అంతకుమించి బలమేమీ లేదు.

జనం ఉత్తరం రాయాలంటే ముందు ఆ పేజీ దగ్గర వాళ్ళ కళ్ళు ఆగాలి. అందుకని ప్రచారానికి వేరే విభాగం ఉంది. అక్కడ మా వైపు దేశాల పని చూసే ఒకావిడ ఉండేది. మంచి మనిషి. వారానికోసారి సాయంత్రంపూట వీడియోకాల్‌లో మాట్లాడేది. నేను పంపిన ప్రతిదానికీ ఆవిడ ఒకటే మాట: “చాలా బాగుంది, ఇంకొంచెం మనిషి కనిపించేలా రాయగలరా?” ఒకసారి ఇద్దర్ని వెంటబెట్టుకుని స్వయంగా మా వైపు వచ్చింది. దిండిలో పడవ ఇంట్లో బస. రెండు రోజులు పేటల్లో ఎండలో తిరిగి, కన్నీళ్ళు పెట్టుకుని, నోట్సు రాసుకుని వెళ్ళింది. ఆ ఏటి నివేదిక అట్ట మీద మాత్రం దిండి కొబ్బరిచెట్ల నీడలో గోదావరి నీళ్ళు, ఆ నీళ్ళలో పడవ. ఇది చూసి ఎవరైనా సెలవులకి వస్తారు గాని ఉత్తరం రాస్తారా అని అడిగాను. నవ్వి, అట్ట బాగుంటేనే లోపల తెరుస్తారంది. ఆ సంగతి ఆవిడకి నాకన్నా బాగా తెలుసు, నేనేం మాట్లాడతాను.

ఇక అసలు సంగతికొస్తాను. రాజోలుకి అవతల ఒక పేట. పేట అంటే మావాళ్ళ, ఎస్సీల వీధులు, ఒకప్పుడు కూలికి పోయినవాళ్ళవి. అక్కడ ఒక తల్లి, కొబ్బరిపీచు మిల్లులో పనిచేస్తుంది. భర్త లేడు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి గల్ఫ్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. గడువు అయిపోయాక ఇంటికి వెళ్తానంటే ఆ ఇంటివాళ్ళు పంపలేదు. బయటికి వచ్చేస్తే నగ పోయిందని కేసు పెట్టి ఆడవాళ్ళ జైల్లో వేయించారు. అక్కడున్న మావైపు వాళ్ళు చెప్పిన ఆ సంగతి తప్ప, ఏడు నెలలుగా ఆ పిల్ల నుంచి కబురు లేదు. చిన్నమ్మాయి నా దగ్గరే చదువుకున్న పిల్ల. అక్క పంపిన డబ్బుతో చదివి, టీచరు పరీక్ష రాసి, కొత్తపేట దగ్గర ప్రాథమిక పాఠశాలలో అప్పుడప్పుడే చేరింది. ఎస్సీ రిజర్వేషన్ పోస్టు. ఇంకా పర్మనెంటు కాలేదు.

నేను వెళ్ళిన రోజు చిన్నమ్మాయి బడికి వెళ్ళింది. తల్లి ఒక్కతే ఉంది. గుమ్మం పైన చెక్కతో చేసిన సిలువ. మంచం మీద దుప్పటి పరిచి నన్ను కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది. ఒక్కో గడీ అడుగుతూ నింపుతున్నాను. పద్నాలుగో గడి దగ్గర ఆగాను.

“మేం దేవుని బిడ్డలమేనండీ టీచరమ్మగారూ. మా మావగారి తాతగారి కాలం నుంచీనండి” అంది తల్లి, నేను అడగకుండానే.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా పేటల్లో మాకు రెండు పేర్లు. చర్చిలో ఒకటి, బడిలో ఒకటి. బడిలో రాయించిన పేరుతోనే కుల సర్టిఫికెట్ వస్తుంది, దాని మీద మతం హిందూ అని ఉంటుంది. క్రైస్తవంలోకి మారినవాళ్ళకి ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని చట్టం. గుడికి పోయినా చర్చికి పోయినా మమ్మల్ని ఊరు చూసే చూపు ఒకటే, ఆ చూపుకి మతం పట్టింపు లేదు. సర్టిఫికెట్‌కి మాత్రం ఉంది. కాబట్టి కాగితం మీద ఒకటి, ఇంట్లో ఒకటి. బడిలో హెడ్మాస్టరుకి తెలుసు, ఆఫీసులో గుమాస్తాకి తెలుసు, పాస్టరుగారికి తెలుసు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నా సర్టిఫికెట్ మీద కూడా అదే ఉంది. ఆ కాగితంతోనే చదివాను, ఉద్యోగం చేశాను, ఇవాళ పెన్షను తింటున్నాను.

అందుకే ఎన్నో ఫారాల్లో ఆ గడిలో ఒక చిన్న గీత గీసి వదిలేసేదాన్ని. కమిటీవాళ్ళు ఎప్పుడూ రెట్టించి అడగలేదు. ఈసారి గీత గీయలేదు. ఆ ముందు వారమే వీడియోకాల్‌లో ఆవిడ అంది, “వాళ్ళు క్రైస్తవులైతే ఆ మాట రాయండి. ఇక్కడి చర్చిలు కదులుతాయి. కదిలితే ఉత్తరాలు పదింతలవుతాయి” అని. ఏడు నెలలు. జైల్లో పిల్ల. రాశాను. ‘క్రైస్తవ కుటుంబం, నాలుగు తరాలుగా’ అని పూర్తిగా రాశాను. ఎక్కడో అచ్చయ్యే కాగితం రాజోలు దాకా ఏం వస్తుందిలే అనుకున్నాను. ఇదీ నేను చేసిన పని.

ఫోటో అడిగితే తల్లి ట్రంకుపెట్టె తెరిచి ఒక్కటే తీసింది. పెద్దమ్మాయి ముఖం తేటగా పడిన ఫోటో అదొక్కటేనట. క్రిస్మస్ నాడు చర్చి ముందు తెల్లచీరల్లో అక్కచెల్లెళ్ళిద్దరూ, భుజం మీద చేతులేసుకుని. సమ్మతి పత్రం మీద తల్లి వేలిముద్ర వేసింది. ఆ ఫోటోలో ఇంకొక మనిషి కూడా ఉందే, ఆ మనిషిని అడగాలే అన్న ఆలోచన నాకు రాలేదు. నా దగ్గర చదువుకున్న పిల్ల, నేను చేస్తే కాదంటుందా అనుకున్నానేమో. టీచర్లకి ఈ జబ్బు రిటైరైనా పోదు.

పేజీ బయటికి వెళ్ళింది. ఆవిడ చెప్పింది నిజమే, చర్చిలు కదిలాయి. నా ఇంటి చిరునామాకి కుటుంబం పేరిట కార్డులు రావడం మొదలైంది. మా పోస్టమ్మాయి సైకిలు దిగి, “మీకు దేశదేశాల్లో చుట్టాలున్నారాండీ?” అని వేళాకోళం చేసేది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక తల్లి రాజోలులో బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. కార్డులన్నీ వరసగా చదివి తెలుగులో చెప్పేదాన్ని. అన్నిట్లోనూ ఒకటే మాట, మేము మీతో ఉన్నాం, మీ అమ్మాయిని తలుచుకుంటున్నాం. పదో కార్డు దగ్గరికొచ్చేసరికి నాకు విసుగొచ్చి, “అన్నిట్లోనూ ఇదేనమ్మా” అనేదాన్ని.

“అయినా చదవండీ. రాసినోళ్ళు వేరు కదండీ” అనేది.

అక్కడితో అయ్యేది కాదు. జవాబు రాయమనేది. మన ఇంటికి ఉత్తరం వస్తే జవాబివ్వకపోవడం తప్పని ఆవిడ లెక్క. కమిటీ పద్ధతి ప్రకారం ఆ కార్డులకి జవాబులు అక్కర్లేదు, సభ్యులు ఆశించరు కూడా. చెప్పినా వినలేదు. కొన్నాళ్ళు రాశాను. వేళ్ళు నొప్పి పుట్టాక, రాశానని అబద్ధం చెప్పడం మొదలుపెట్టాను. మెచ్చుకున్నట్టు తలూపి, కార్డులన్నీ చర్చికి తీసుకెళ్ళే సంచిలో జాగ్రత్తగా పెట్టుకునేది.

ఆ రోజుల్లోనే కమిటీ పత్రికలవాళ్ళకి ఇచ్చిన ప్రకటన తిరిగి తిరిగి మా జిల్లా ఎడిషన్‌లోకి వచ్చింది. గల్ఫ్ జైల్లో కోనసీమ క్రైస్తవ మహిళ అని హెడ్డింగు. కింద తెల్లచీరల ఫోటో, ఇద్దరూ. చూడగానే గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు. కత్తిరించి నా ఫైల్లో అంటించుకున్నాను. అంటించేటప్పుడు చిన్నమ్మాయి ముఖం మీద వేలితో నొక్కాను కూడా, ఊడిపోకుండా. అప్పటికీ బుర్రకి తట్టలేదు.

పెద్దమ్మాయిని వదిలేస్తున్నారన్న కబురు ఒక సోమవారం వచ్చింది. నేను పంపిన ఫారాలకి ఫలం దక్కడం అరుదు. సగం కేసుల్లో ఏమీ జరగదు, ఇంకొన్నిట్లో ఏం జరిగిందో తెలియదు. అందుకని ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి ఒక్కదాన్నే ఏడ్చాను. అదే వారం గురువారం చిన్నమ్మాయి మా ఇంటికి వచ్చింది. బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతికి సుద్ద అలాగే ఉంది. అక్క వస్తోందని చెప్పడానికి వచ్చిందనుకుని నవ్వుతూ ఎదురెళ్ళాను.

“మేడమ్‌గారండీ, ఇదోసారి చూడండి” అని ఒక కాగితం చేతిలో పెట్టింది.

నోటీసు. క్రైస్తవురాలై ఉండి ఎస్సీ సర్టిఫికెట్‌తో ఉద్యోగం పొందిందని ఎవరో అర్జీ ఇచ్చారు. రుజువుగా పత్రిక కత్తిరింపు జతచేశారు. కుల సర్టిఫికెట్లు పరిశీలించే కమిటీ ముందు హాజరు కావాలి. అదీ కమిటీయే. ఒక కమిటీ అక్కని విడిపిస్తే ఇంకో కమిటీ చెల్లెల్ని పట్టుకుంది. అలాంటి కత్తిరింపే ఇంకొకటి నా ఫైల్లో ఉంది.

“కూర్చో తల్లీ” అన్నాను.

“పర్లేదండీ.” నిలబడే ఉంది. “ఫోటో మా అమ్మిచ్చిందాండీ?”

“అవును.”

“మతం సంగతి కూడా అమ్మే చెప్పిందాండీ?”

“చెప్పింది. రాసింది నేను.”

“మీకు తెలుసు కదండీ మేడమ్.” గొంతు పెంచలేదు. క్లాసులో సందేహం అడిగినట్టే అడిగింది. “మీ సర్వీసు రిజిస్టర్లో ఏం రాసుందండీ?”

ఆ పిల్ల నా చేతిలోంచి కాగితం తీసుకుని, “ఒక్క ఫోను చేస్తే సరిపోయేది కదండీ. ఫోటోలో నన్ను కత్తిరించేసి పంపమనేదాన్ని. అక్క కోసం కాదంటానాండీ?” అంది. నోటీసు మడిచి బ్యాగులో పెట్టుకుని, వస్తానండీ అని చెప్పి మరీ వెళ్ళింది. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ సాయంత్రమే కమిటీకి రాశాను. పేజీ తీసేయండి, ఫోటో తీసేయండి, మతం మాట తీసేయండి అని. నాలుగు రోజులకి వీడియోకాల్ పెట్టారు. ఆవిడ నిజంగానే బాధపడింది. తమ వెబ్‌సైటులోంచి తీసేస్తామంది, కాని అప్పటికే ఎన్నో చర్చిలు, సంఘాలు తమ పత్రికల్లో వేసుకున్నాయి, వాటిని వెనక్కి పిలవలేమంది. తరవాత కొంచెం ముందుకి వంగి, “అసలు ఇది ఇంకా పెద్ద విషయం. ఉద్యోగం కోసం మతం దాచుకోవలసి రావడం! ఆ చెల్లెలు ఒప్పుకుంటే ఆమె పేరు మీదే ఒక ప్రచారం మొదలుపెట్టవచ్చు. ఒక ఫోటో, నాలుగు మాటలు చాలు” అంది.

ఆవిడన్నది న్యాయమే. ఆ చట్టం మీద పోట్లాడాల్సిందే, పోట్లాడేవాళ్ళున్నారు కూడా. కాని ఆ పోట్లాట తెమిలేలోపల ఈ పిల్ల ఉద్యోగం ఊడుతుంది. అదే చెప్పాను. “మీరు చెప్పింది రాసుకున్నాను” అంది. ఆవిడ చెడ్డదైతే నా పని తేలికయ్యేది. నా వైపు కెమెరా కట్టేసి, మిగతా కాల్ అంతా కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుని విన్నాను.

పెద్దమ్మాయి వచ్చింది. చెంపలు పీక్కుపోయి, గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది, అలవాటు తప్పిందంది. తల్లి సంచి బోర్లించి కార్డులన్నీ చాప మీద పరిచింది. ఆ అమ్మాయి ఒక్కోటి తీసి తిప్పి తిప్పి చూసి, “ఈళ్ళందరికీ నేనెవరో తెలుసాండీ?” అని అడిగింది. తెలుసన్నాను. “అక్కడ మా గదిలో నా పక్కన పడుకున్నావిడకి కూడా నా పేరు తెలీదండీ. నంబరే” అంది.

కమిటీకి మంచివార్త ఫోటో కావాలి. ఉత్తరాలు రాసినవాళ్ళకి చూపించాలి కదా, లేకపోతే మళ్ళీ రాయరు. అది వాళ్ళ పద్ధతి, అందులో తప్పు లేదు. కుటుంబమంతా కలిసి ఒక ఫోటో అన్నారు. సిలువ ఉన్న గుమ్మం ముందు వద్దని, పెరట్లో పీచు కుప్ప దగ్గరికి రమ్మన్నాను. తల్లి గుమ్మం వంక ఒకసారి చూసి, నా వెనకే వచ్చింది. చిన్నమ్మాయి నా చేతిలో ఫోను తీసుకుంది. “నేను తీస్తానండీ” అంది. పెద్దమ్మాయి, “నువ్వూ రావే” అని చెయ్యి చాపింది. చిన్నమ్మాయి రాలేదు. ఎందుకో అప్పటికి అక్కకి చెప్పలేదు వాళ్ళు.

విచారణకి ముందు రోజు తల్లి మా ఇంటికి వచ్చింది. ఆదివారం కాదు, కార్డులూ లేవు.

“మా చిన్నది నన్ను అబద్ధం చెప్పమంటందండీ. ఆఫీసరుగారు అడిగితే మేం చర్చికి ఎళ్ళమని చెప్పాలంటండీ. నా పిల్లని తెచ్చిచ్చినాయన్ని ఎరగనని ఎలా చెప్పనండీ? నాకు నోరు రాదండీ.” కళ్ళు తుడుచుకుంది. “మీరు చదువుకున్నోళ్ళు కదండీ. మీరైతే చెప్పగలరు.”

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అంది. చదువుకున్నవాళ్ళకి ఆ పని తేలికని ఆవిడ నమ్మకం. నా జీవితం చూస్తే ఆ నమ్మకం తప్పని కూడా అనలేను.

విచారణకొచ్చినవాళ్ళు పేటలో అడిగితే అందరూ మాకు తెలియదండీ అన్నారట. తల్లి ఏడుస్తూ కూర్చుంటే సమాధానం చెప్పే స్థితిలో లేదని రాసుకున్నారట. ఫారం నింపింది నేను కాబట్టి నన్ను పిలిచారు. విచారణ అధికారి మర్యాదస్తుడు. లేచి కుర్చీ చూపించారు.

“ఈ వార్తకి మూలం మీరు పంపిన సమాచారమేనాండీ?”

“ఆయ్, నేనే పంపేనండీ.”

“క్రైస్తవ కుటుంబమని ఎవరు చెప్పేరండీ మీకు?”

ఆ ముందు రాత్రి మనసులో చాలాసార్లు చెప్పుకున్న మాటే చెప్పాను. “ఎవరూ చెప్పలేదండీ. గల్ఫ్ వెళ్ళేవాళ్ళలో మావైపు ఎక్కువమంది వాళ్ళే కదా అని నా అంతట నేనే రాసేసేనండీ.”

ఆయన నా ముఖంలోకి చూశారు. “మీరూ ఆ వైపేనాండీ?” అన్నారు.

“ఏ వైపండీ?” అన్నాను.

ఇంకేమీ అడగలేదాయన. తెల్లకాగితం, పెన్ను నా ముందుకి జరిపారు. ‘మతం అన్న గడిని కుటుంబ సభ్యులెవరినీ అడగకుండా నా ఊహ మీద నేనే నింపాను’ అని రాసి సంతకం పెట్టాను. అదే సంతకం.

ఆఫీసువాళ్ళు తమ పని తాము చేశారు. నా వాంగ్మూలం నకలు జతచేసి, ఇది నిజమేనా అని కమిటీకి రాశారు. కమిటీ నుంచి నాకు ఉత్తరం వచ్చింది, ఈసారి ఆవిడ దగ్గర్నుంచి కాదు, సరిచూసే విభాగం నుంచి. ప్రతి విషయమూ నిర్ధారించుకున్నానని మాకు సంతకం చేశారు, ఎవరినీ అడగలేదని అక్కడ సంతకం చేశారు, ఈ రెండింటిలో ఏది నిజమో తెలియజేయగలరు అని. రెండు రోజులు ఆ ఉత్తరం బల్ల మీదే పెట్టుకున్నాను. మొదటిది నిజమంటే వాళ్ళు అదే ఆఫీసుకి జవాబిస్తారు, పిల్ల ఉద్యోగం పోతుంది. రెండోదే నిజమని రాశాను.

వాళ్ళు చేసింది సబబే. ఒక్క తప్పుడు ఫారం బయటపడితే ఆ దేశపు మంత్రి మిగతా ఉత్తరాలన్నీ చెత్తబుట్టలో వేయిస్తాడు. కమిటీకున్న ఆస్తి నమ్మకమొక్కటే. ఇన్నేళ్ళ సేవకి కృతజ్ఞతలు చెప్పి, ఇకమీదట నా సంతకంతో వచ్చే ఫారాలు స్వీకరించబోమని, నేను లోగడ పంపినవన్నీ మళ్ళీ పరిశీలిస్తామని రాశారు. మా వైపు వేరే మనిషి దొరికేదాకా ఇక్కడి కేసులు తీసుకోరట. ఆవిడ విడిగా రెండు వాక్యాలు రాసింది. ఇది మీరు చేస్తారని అనుకోలేదు, ఆరోగ్యం జాగ్రత్త అని.

అర్జీని ఆధారాలు చాలవని మూసేశారు. ఆ ఏడాది చివర చిన్నమ్మాయిని పర్మనెంటు చేశారు. ఆర్డరు కాగితం తెచ్చి చూపించింది. ఈసారి కూర్చుంది. టీ ఇస్తే తాగింది. కమిటీ సంగతి నేను చెప్పలేదు, ఆ పిల్ల అడగలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, “మా బళ్ళో పిల్లలకి అడ్మిషన్ ఫారాలు నేనే నింపుతున్నానండీ. మతం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోతందండీ” అంది. ఏం రాస్తున్నావని నేనూ అడగలేదు.

తరవాత కొన్నాళ్ళకి, మొన్న వర్షాల్లో, ఒక మధ్యాహ్నం పెద్దమ్మాయి వచ్చింది. కొంచెం ఒళ్ళు చేసింది. వెంట ఐనవిల్లి వైపు నుంచి ఒక పెద్దావిడని తీసుకొచ్చింది. ఇద్దరూ తడిసి ఉన్నారు. పెద్దావిడ కొంగు చాటునుంచి పాలిథిన్ కవరు తీసింది, అందులో ఫోటో ఒక్కటే తడవకుండా ఉంది.

“నేను చెప్పేను కదండీ, అక్కడ నా పక్కన పడుకునేదని. ఆవిడ వాళ్ళ అమ్మగారండీ ఈవిడ. పేరు కూడా తెలీదు కదా, ఐనవిల్లి వైపని మాత్రం ఓసారి అందండీ, వచ్చేక అందర్నీ అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నానండీ. ఇంకా అక్కడే ఉందండీ ఆవిడ. మీ ఫారం రాయించుకుందామని వచ్చేమండీ.”

చెప్పక తప్పలేదు. నా సంతకం ఇప్పుడు చెల్లదని, వాళ్ళు నా దగ్గర్నుంచి ఏదీ తీసుకోరని, ఎందుకో కూడా చెప్పాను. పెద్దమ్మాయికి చెల్లెలి ఉద్యోగం సంగతి ఎవరో చూచాయగా చెప్పినట్టున్నారు, నా సంగతి మాత్రం అప్పుడే విన్నది.

“మా చెల్లి కోసమాండీ?” అంది.

“నేను చేసిన తప్పు కోసమమ్మా.”

“నన్ను రప్పించడానికి రాసిన ముక్కే కదండీ అది.” చేతులకేసి చూసుకుంది. “మరి ఈవిడ కూతురికి ఎవరు రాస్తారండీ?”

తెలియదని ఆ అమ్మాయి ముఖం చూసి చెప్పలేక పెద్దావిడ వైపు తిరిగాను. ఆవిడకి మా మాటలేవీ పట్టినట్టు లేదు. నా ఇంటిదాకా వస్తే పనైపోతుందని ఎవరో గట్టిగా చెప్పి పంపినట్టున్నారు. తడిచేతులు చీరకి తుడుచుకుని, ఫోటో తీసి నా ముందు బల్ల మీద నిలువుగా సర్ది పెట్టి, నేనేమీ అడగకముందే కూతురి పేరు చెప్పడం మొదలుపెట్టింది.